బ్యారెన్ ఐలాండ్ మీద ఎర్ర చుక్క మూడు వారాలుగా పడట్లేదు, చల్లారిందని రాసేయొచ్చా?

పర్లాకిమిడి_జియో
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయిని. ప్రాజెక్టుకి అండమాన్‌లోని బ్యారెన్ ఐలాండ్ తీసుకున్నాను. మన దేశంలో ఇంకా పొగలు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే, పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 140 కిలోమీటర్లు, వెళ్లి దిగే వీల్లేదు కాబట్టి ఉపగ్రహమే దిక్కు. రోజూ నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాపు (ఉపగ్రహం వేడి పట్టుకున్న చోట ఎర్ర చుక్క పెట్టేది) తెరిచి వీర్స్ (ఉపగ్రహం మీద వేడిని చూసే పరికరం) చుక్కలు చూసి పట్టికలో రాసుకుంటున్నాను. మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులు చుక్క పడేది. ఇప్పుడు మూడు వారాలైంది, ఒక్కటీ లేదు. గైడ్ గారు "యాక్టివిటీ ఆగింది" అని రాసెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, కానీ ఎందుకు కాదో చెప్పడం కూడా చేతకావట్లేదు. వచ్చే నెల సబ్మిషన్, ఒకటే టెన్షన్. ఇలాంటి డేటాతో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాయగడ_అడవి
చెల్లీ, రాయకు. నాకు అగ్నిపర్వతం తెలీదు గానీ ఆ చుక్క బాగా తెలుసు. రాయగడ పక్కన అడవిలో డ్యూటీ నాది. మాఘం దాటితే చాలు, కొండల మీద పోడు మంటలు, ఆ వెనకే ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాల్చే మంటలు మొదలవుతాయి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి మా ఫోన్లకి వచ్చే అలర్టులకి మూలం నువ్వు చూస్తున్న వీర్స్, అలాంటిదే ఇంకో పరికరం మోడిస్, వాటి చుక్కలే. ఎనిమిది వేసవులు వాటి వెంట తిరిగాక నాకు అర్థమైంది ఏంటంటే, చుక్క పడితే అక్కడ ఏదో వేడి ఉందని వెళ్తాం, కానీ చుక్క పడకపోతే మంట లేదని ఇంట్లో కూర్చోకూడదు. ఒకసారి సాయంత్రం నాలుగింటికి అంటుకున్న మంటని పచ్చి కొమ్మలతో కొట్టి కొట్టి రాత్రి పదింటికి ఆర్పాం. వీర్స్ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మా మీదుగా పోయింది, మళ్లీ వచ్చింది అర్ధరాత్రి దాటాక. మధ్యలో పుట్టి ఆరిపోయిన మంట దాని లెక్కలోకే రాలేదు. పై ఆఫీసులో ఒకాయన అలర్టు లేదు కదా, మంటెక్కడిది అన్నారు, చేతుల మీద బొబ్బలు చూపించాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ బాధ ఇంకా ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

బరంపురం_ఫిజిక్స్
రాయగడ ఆయన చెప్పింది సమయం సంగతి. నేను పిక్సెల్ (ఉపగ్రహ చిత్రంలో ఒక్క గడి) సంగతి చెప్తానమ్మా, కొంచెం ఓపిగ్గా చదువు, ఇది పట్టుకుంటే నీ ప్రాజెక్టు సగం అయిపోయినట్టే.

మోడిస్ థర్మల్ పిక్సెల్ ఒకటి అంటే నేల మీద ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు. అందులో బిలం అడుగున 10 మీటర్లకి 10 మీటర్ల మేర, అంటే పల్లెలో ఒక చిన్న కళ్లమంత లావా తెరుచుకుని ఉందనుకో, వేడి 1000 డిగ్రీలు, చుట్టూ మిగతాదంతా 27 డిగ్రీలు. విస్తీర్ణంలో అది పదివేలో వంతు. 12 మైక్రాన్ల బ్యాండులో, అంటే ఆ పొడవు తరంగాల కాంతిని మాత్రమే కొలిచి చూస్తే ఆ పిక్సెల్ మొత్తం మీద పావు డిగ్రీ పెరుగుతుంది, అంటే ఏమీ కనపడనట్టే. అదే పిక్సెల్‌ని 4 మైక్రాన్ల దగ్గర చూస్తే సుమారు 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ప్లాంక్ సూత్రం (ఎంత వేడికి ఏ తరంగంలో ఎంత కాంతి వస్తుందో చెప్పేది) పెట్టి నువ్వే లెక్క వేసుకో, తప్పకుండా వెయ్యి. వస్తువు వేడెక్కేకొద్దీ అది వెదజల్లే కాంతి పొట్టి తరంగాల వైపు జరుగుతుంది, 27 డిగ్రీల నేలకి శిఖరం 10 మైక్రాన్ల దగ్గర ఉంటే 1000 డిగ్రీల లావాకి రెండుంపావు మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అగ్నిపర్వతాల వేడిని కనిపెట్టే హవాయి విశ్వవిద్యాలయం వాళ్ల మోడ్‌వోల్క్ పట్టుకునేది ఈ 4, 12 మైక్రాన్ల బ్యాండ్ల మధ్య తేడానే. పగలు 4 మైక్రాన్లలో ఎండ కూడా కలుస్తుంది, నీ దీవి చుట్టూ సముద్రం తళతళలాడుతుంది, కాబట్టి రాత్రి చిత్రాలకే విలువ ఇవ్వు.

మన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్ అరగంటకోసారి చూస్తుంది కదా, అది వాడొచ్చు కదా అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. దాని పిక్సెల్ 4 కిలోమీటర్లు. అదే లావా అక్కడ పదహారు రెట్లు పలచబడి, ఆ 20 డిగ్రీలు రెండు డిగ్రీల లోపుకి వచ్చేస్తాయి, గాలి మారినా మబ్బు పొర కదిలినా అంత తేడా మామూలే. బూడిద మేఘానికైతే ఇలాంటి ఉపగ్రహాలే ప్రాణం. 2025 నవంబర్ 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి పేలినప్పుడు ఆ బూడిద మర్నాటికి ఢిల్లీ వైపు వచ్చింది, విమానాలు రద్దయ్యాయి, గుర్తుందా? 11, 12 మైక్రాన్ల ఉష్ణోగ్రతల తేడా మామూలు మబ్బుకి ఒకలా, రాతి బూడిదకి దానికి తలకిందులుగా వస్తుంది, ఆ తేడాని బట్టే బూడిద ఎటు పోతోందో కనిపెడతారు.

గోపాల్‌పూర్_తీరం
మాస్టారూ, లెక్క బాగుంది, కానీ మబ్బు సంగతి ముందు చెప్పాలి కదండీ. మా మావయ్య పోర్ట్‌బ్లెయిర్‌లో బోటు మీద పని చేస్తాడు, మన గంజాం వైపు, సిక్కోలు వైపు వాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. వేసవి చివర మొదలైన వాన డిసెంబర్ దాకా ఏదో ఒక వైపు నుంచి కొడుతూనే ఉంటుందంటాడు. దట్టమైన మబ్బు కింద ఎంత లావా ఉన్నా ఏ థర్మల్ బ్యాండుకీ కనపడదు. చెల్లీ, నువ్వు చెప్పే మూడు వారాలు ఏ నెలలోవి?

పర్లాకిమిడి_జియో
సెప్టెంబర్ అన్నయ్యా. మబ్బు ఉందో లేదో నేను చూడనే లేదు. చుక్క ఉంటే 1, లేకపోతే 0 వేసుకుంటూ పోయాను.

బల్లార్షా_గని
ఇంకొక మాట. ఆ 1 లన్నీ కూడా ఒకసారి చూసుకో. మా దిక్కు చంద్రపూర్ జిల్లాలో ఓపెన్‌కాస్ట్ గనులు చాలా ఉన్నాయి, బొగ్గు గాలి తగిలి తనంతట తనే రాజుకుంటది, నెలల తరబడి లోపల కాలుతనే ఉంటది, చుక్క ఒకే చోట పడుతది. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని అడవి మంట అని రిపోర్టు చేసిన్రు. ఫర్మ్స్‌లో కొన్ని నెలల తర్వాత వచ్చే పాత డేటా దించుకుంటే 'టైప్' అని ఒక కాలమ్ ఉంటది, 0 అంటే చెట్లు చేమల మంట, 1 అంటే అగ్నిపర్వతం, 2 అంటే కదలని వేరే వేడి, 3 అంటే సముద్రం మీదిది. అప్పటికప్పుడు వచ్చే డేటాలో ఆ కాలమ్ ఉండదు. నీ దీవి మీద కాలే అడవి పెద్దగా లేదు కాబట్టి నీకు ఇబ్బంది తక్కువ, అయినా చూసుకో.

దెగ్లూర్_నల్లరాయి
మా ఊళ్లో ఇంటి పునాది నుంచి పొలం గట్టు దాకా 6.6 కోట్ల ఏళ్ల నాటి లావాయే, దాని మీద పుట్టి పెరిగినందుకేమో ఈ సబ్జెక్టంటే నాకు ప్రాణం. సూటిగా చెప్తాను. అగ్నిపర్వతాల వేడిని ఉపగ్రహాలతో కొలిచే ట్యూరిన్ విశ్వవిద్యాలయం వాళ్ల మిరోవా సైటు చూడు, వేడిని మెగావాట్లలో ఇస్తారు, ఉందీ లేదూ అన్న లెక్క కంటే అది ఎంతో నయం. తర్వాత కోపర్నికస్ బ్రౌజర్‌లో (యూరప్ వాళ్ల ఉపగ్రహ చిత్రాల సైటు) సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు తియ్యి, ఉచితమే. 2.2 మైక్రాన్ల బ్యాండు 20 మీటర్ల పిక్సెల్, అంటే మాస్టారు చెప్పిన కళ్లం అందులో నాలుగో వంతు ఆక్రమిస్తుంది, పగలే అయినా బిలంలో నిప్పు కణికలా కనిపిస్తుంది. దాదాపు ఐదు రోజులకోసారి వస్తుంది. మబ్బు లేని చిత్రం ఒక్కటి దొరికినా నీ వాక్యం మారిపోతుంది.

పర్లాకిమిడి_జియో
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ దండాలు. 21 రాత్రుల చిత్రాలు ఒక్కొక్కటీ తెరిచి దీవి మీద మబ్బుందో లేదో చూశాను. 16 రాత్రులు పూర్తిగా కప్పేసి ఉంది, మూడింట్లో అంచు మాత్రం కనిపించింది, బిలం తేటగా ఉన్నవి రెండే రెండు. సెంటినెల్-2లో ఒక రోజు మబ్బుల సందులోంచి బిలంలో రెండు పిక్సెళ్లు ఎర్రగా ఉన్నాయి, చూసి కళ్లనీళ్లు వచ్చాయి. ప్లాంక్ లెక్క కూడా వేశాను మాస్టారూ, 4 మైక్రాన్ల దగ్గర నాకు 18.6 డిగ్రీలు వచ్చింది. పట్టికలో 0 తీసేసి "చూశాం, లేదు" అని ఒకటి, "చూడలేకపోయాం" అని ఇంకొకటి పెట్టాను. గైడ్ గారు చిత్రం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ వాక్యం ఆయనే కొట్టేశారు.

రాయగడ_అడవి
సంతోషం చెల్లీ. మీ క్లాసు వాళ్లు ఎవరైనా వస్తామంటే ఫాల్గుణంలో మా బీటుకి రండి. మంట ఎక్కడ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆరింది జీపీఎస్‌తో మేం రాసి పెడతాం, ఏ చుక్క పడిందో ఏది పడలేదో మీరు పక్కన రాయండి. నీళ్ల సీసాలు మాత్రం ఎక్కువ తెచ్చుకోండి, కొండ మీద ఊట అప్పటికి ఎండిపోతుంది.