నిక్ సేబన్ బోర్డు మీద 201 వేయాలా, 206 వేయాలా?

నమస్తే అండీ, మేం అలబామాలో బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. మా ఆఫీసులో అంతా అలబామా యూనివర్సిటీ (అమెరికన్) ఫుట్‌బాల్ జట్టుకి వీరాభిమానులే. 2024 జనవరిలో రిటైరైన కోచ్ నిక్ సేబన్ గౌరవార్థం గోడకి ఒక బోర్డు పెడుతున్నారు, డిజైన్ పని నా నెత్తిన పడింది (నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదని చెప్పినా వినలేదు).

సైజు 24 x 36 అంగుళాలు, ముదురు ఎరుపు మీద తెల్ల అక్షరాలు. ఆయన గెలిచిన జాతీయ టైటిళ్ల దగ్గర గొడవ లేదు: ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో 2003, అలబామాలో 2009, 2011, 2012, 2015, 2017, 2020. చిక్కంతా అలబామా గెలుపుల దగ్గరే. 2007 నుంచి 2023 దాకా సీజన్లవారీగా నేను కూడితే 206 వచ్చింది, అధికారిక రికార్డులో మాత్రం 201 ఉంది. వెతికితే తేలిందేంటంటే, ఆటగాళ్లు స్కాలర్‌షిప్ పాఠ్యపుస్తకాల్ని దుర్వినియోగం చేసిన వ్యవహారంలో ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటల్ని నియంత్రించే సంస్థ) 2007 సీజన్‌లోని 5 గెలుపులు రద్దు చేసింది, అందుకే ఆ ఏడాది గెలుపోటముల లెక్క 7-6 కాస్తా 2-6 అయింది.

206 వేసి పక్కన నక్షత్రం గుర్తు (*), కింద చిన్న అక్షరాల్లో వివరణ పెట్టి చూశాను, రెండడుగుల దూరం నుంచే కనబడట్లేదు. అంకె తీసేస్తే మధ్యలో బోసిగా ఉంది. ఇద్దరు కొలీగ్స్‌ని అడిగితే చెరో మాట చెప్పారు. ప్రింట్‌కి శుక్రవారం సాయంత్రం 5 లోపు పంపాలి.

ఇలాంటి సన్మాన బోర్డు మీద మీరైతే ఏ అంకె వేస్తారు, 201 లేక 206?