వాయిద్యం లేని పాట: మన ఊడ్పుల పాటా, వాళ్ళ బ్లూసూ

ప్రశ్న (రాజోలు నుంచి):
మా అమ్మమ్మ ఊడ్పుల్లో పాడేది. మోకాలి లోతు బురద, చేతిలో నారు కట్ట. కట్ట విప్పేటప్పుడు పాట ఆగేది, మొదటి పిలక గుచ్చగానే మళ్ళీ ఎత్తుకునేది. మొన్న అమెరికా నల్లజాతివాళ్ళ బ్లూస్ పాటలు పాడే సన్ హౌస్ 1965లో వట్టి చప్పట్లతో పాడిన ‘గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్’ విన్నాను. ఒళ్ళు జలదరించింది. రెండూ ఒకలా అనిపించడం నా భ్రమా?

జవాబు:
భ్రమ కాదండి. మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో 1947-48లో జానపద పాటలు సేకరించే అలాన్ లోమాక్స్ రికార్డు చేసిన, ఖైదీలు పని చేస్తూ పాడిన పాటలు వినండి. ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు, గొడ్డలి దెబ్బే తాళం. కాకపోతే సన్ హౌస్ ఒంటరి. అందుకే అక్కడక్కడా లయ జారనిస్తాడు, నాకు అదే ఇష్టం.

ఇంకో జవాబు:
అలాంటి పాటల ప్రభావం సంగతికొస్తే, అమెరికా జానపద గాయని వెరా హాల్ వాయిద్యాల్లేకుండా పాడిన ‘ట్రబుల్ సో హార్డ్’ని ఎలక్ట్రానిక్ సంగీతం చేసే మోబీ 1999లో ‘నేచురల్ బ్లూస్’లో వాడుకున్నాడు. చుట్టూ ఎన్ని బీట్లు పెట్టినా ఆ గొంతే నిలబడింది.

రాజోలు నుంచి:
విన్నానండి, రెండుసార్లు. అమ్మమ్మ గొంతు దాచుకోలేదన్న బాధ మాత్రం పోవట్లేదు. ఈ సార్వాకి ఫోన్ గట్టు మీద పెట్టి, మా పెద్దమ్మని పాడమంటాను.