పాస్ ఇంటర్‌ఫియరెన్సా, ఆటలో సహజంగా జరిగిన తాకిడా: మీరు ఎలా తేల్చుకుంటారు?

కొత్త_బ్యాక్‌జడ్జ్:
టెక్సస్‌లో హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్‌కు అంపైరింగ్ చేయడం నాకిది రెండో సీజన్. పోయిన శుక్రవారం ఒక పొడవాటి పాస్ కోసం, దాన్ని అందుకోవలసిన రిసీవరూ అతన్ని అడ్డుకునే డిఫెండరూ పక్కపక్కనే పరుగెత్తుతుండగా కాళ్లు పెనవేసుకుని ఇద్దరూ పడిపోయారు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని, అంటే రిసీవర్ బంతిని అందుకోకుండా డిఫెండర్ అక్రమంగా అడ్డుకున్నాడని, నేను ఫ్లాగ్ (తప్పు జరిగిందని చెప్పే పసుపు గుడ్డ) వేశాను. పాస్ వేసిన జట్టుకు 15 గజాలతో పాటు ఫస్ట్ డౌన్ (మళ్లీ మొదటి నుంచి నాలుగు ప్రయత్నాలు) కూడా ఇవ్వవలసి వచ్చింది. ఇంటికి వెళ్లి వీడియో చూశాక నా నిర్ణయం సరైనదేనా అన్న సందేహం పట్టుకుంది.

సైడ్‌లైన్_మామయ్య:
ఇద్దరూ బంతి కోసమే పోటీ పడుతున్నప్పుడు కాళ్లు తగులుకుంటే అది తప్పు కాదండీ. తాకిడి జరిగిందా అని కాక, ఆ తాకిడి వల్ల ఎదుటివాడు బంతిని అందుకునే అవకాశం పోయిందా అని నేను చూస్తాను. డిఫెండర్ బంతి వైపు తిరగకుండా ముందే వచ్చి గుద్దాడా, వీపు మీదుగా దూకాడా, రిసీవర్ చేతిని తన చేత్తో అదిమిపట్టాడా అన్నవి నా మొదటి ప్రశ్నలు. అన్నిటికన్నా కంటికి తేలికగా చిక్కేది నడుము మీద వేసిన చెయ్యి: బంతి ఇంకా రెండు గజాల దూరంలో ఉండగానే రిసీవర్ భుజాలు పక్కకు తిరిగిపోతే, ఆ చెయ్యే వాటిని తిప్పిందని అర్థం.

జెర్సీ_తెలుగువాడు:
ఒక్క మాట చేర్చాలి. మీ టెక్సస్‌లో కాలేజీ నియమాలు నడుస్తాయి కనుక, అందుకోలేనంత దూరం పోయిన పాస్‌కు డిఫెండర్ మీద ఈ ఫ్లాగ్ ఉండదు. మా న్యూజెర్సీలో పాటించే జాతీయ హైస్కూలు నియమాలలో ఆ మినహాయింపు లేదు. రాష్ట్రం మారి వచ్చినవారు తొలి సీజన్‌లో ఇక్కడే పొరపాటు పడతారు.

నాలుగో_డౌన్:
ఫ్లాగ్ వేయకపోవడమూ అంతే పెద్ద తప్పు కావచ్చు. 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో ప్రొఫెషనల్ లీగ్ NFL జట్లు రామ్స్, సెయింట్స్ ఆడిన మ్యాచ్‌లో స్కోరు 20-20 ఉండగా, రామ్స్ డిఫెండర్ బంతి వైపు చూడకుండానే, అది చేరకముందే సెయింట్స్ రిసీవర్‌ను గుద్దేశాడు. ఫ్లాగ్ పడలేదు, రామ్స్ 26-23తో గెలిచి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు వెళ్లారు. ఆ తరువాతి సీజన్‌లో ఈ నిర్ణయాలను రీప్లే వీడియో సమీక్ష కిందకు తెచ్చారు కానీ, ఒక్క ఏడాదికే ఆ పద్ధతిని వదిలేశారు. అరక్షణం తాకిడిని స్లో మోషన్‌లో సాగదీస్తే మామూలు పెనుగులాట కూడా నేరంలాగే కనబడుతుందని నా నమ్మకం.

కొత్త_బ్యాక్‌జడ్జ్:
మామయ్యగారూ, మీరు చెప్పినట్టు భుజాలు మాత్రమే గమనిస్తూ వీడియో మళ్లీ చూశాను. ఎవరి భుజాలూ తిరగలేదు, డిఫెండర్ రెండు చేతులూ బంతి కోసమే పైకి లేచి ఉన్నాయి. అదే ఫ్రేములో నేనూ ఉన్నాను: ఆటగాళ్లను వదిలేసి, తలెత్తి గాలిలోని బంతినే చూస్తున్నాను.