ధృతిమంతుడా, ద్యుతిమంతుడా?

బరంపురం: మొన్న జిల్లా చదరంగం టోర్నీలో మా అన్నయ్య కొడుకు కింగ్స్ గాంబిట్ అనే ఆరంభం ఆడాడు. ఇ4 ఇ5 ఎఫ్4. రెండో ఎత్తుకే బంటును ఎరగా వదిలేసరికి నాకు టెన్షన్. గెలిచాడు. ఇంటికి రాగానే మా నాన్నగారు, చదరంగంలో శ్రీకృష్ణదేవరాయలనే గెలుస్తాడని బొడ్డుచెర్ల తిమ్మన కవిని మెచ్చుకునే చాటువు అందుకున్నారు. చివరి పాదం మాత్రం "ద్యుతిమంతుడు బొడ్డుచెర్ల తిమ్మన..." అని చదివారు. నేను విన్నది "ధృతిమంతుడు". ఏది సరి?

పర్లాకిమిడి: ధృతే. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చూడండి, ధృకి తిమ్మనలో "తి". ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది. ద్యు పెడితే ఉకారం వచ్చి యతి చెడుతుంది.

రాయగడ: యతి దాకా ఎందుకు? గాంబిట్ ఆడేవాడికి కావలసింది ద్యుతి, అంటే కాంతి కాదు; ధృతి, అంటే నిబ్బరం. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో రష్యన్ ఆటగాడు స్పాస్కీ ఇదే గాంబిట్‌తో అమెరికన్ ఆటగాడు ఫిషర్‌ను 29 ఎత్తుల్లో ఓడించాడు. ఆ మరుసటి ఏడు ఫిషర్ ఈ గాంబిట్‌ను ఖండిస్తూ వ్యాసమే రాశాడు. అంతటివాణ్ని కదిలించింది ధృతి.

పర్లాకిమిడి: అర్థాన్ని బట్టి పాఠం తేల్చకూడదండీ. ద్యుతికీ ఎవరైనా అర్థం లాగగలరు.

గుణుపురం: నాకు చిక్కంతా మొదటి పాదంలోనే. "శతసంఖ్యు లొక్కటైనను". ఎవరా వందమంది? రాయల పక్కన చేరి ఎత్తులు చెప్పేవాళ్లని నా నమ్మకం. 1999లో చదరంగం చాంపియన్ కాస్పరోవ్ ఒకవైపు, ఇంటర్నెట్‌లో ఓట్లు వేసి ఎత్తు ఎంచుకున్న వేలమంది మరోవైపు ఆడారు. ఆయనే గెలిచాడు. తిమ్మనదీ అదే ఆట.

రాయగడ: వందమందితో వరసగా ఆడాడని ఎందుకనుకోకూడదు?

గుణుపురం: "ఒక్కటైనను" అన్నాక వరస ఎక్కడిది?

జయపురం: పారిజాతాపహరణం కావ్యం రాసింది ఈ తిమ్మనేనా?

పర్లాకిమిడి: కాదు, ఆయన నంది తిమ్మన. ముక్కు తిమ్మన అంటాం కదా, ఆయన. ఇద్దరిదీ రాయల కొలువే.

జయపురం: "ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు" అని ఊరికే అనలేదు. సత్యభామ కాలితో తన్నితే, నా గగుర్పాటు ముళ్లు నీ పాదానికి గుచ్చుకుంటాయేమో అంటాడు కృష్ణుడు. అలకను అంత అందంగా రాసినవాడు నాకు ఇంకొకడు కనబడలేదు.

గుణుపురం: "నను భవదీయ దాసుని" పద్యం! నాకు కంఠతా వచ్చు.

బరంపురం: మాకూ వచ్చు. కానీ నాన్నగారు ద్యుతి వదలడం లేదు. ఒడియావాళ్లలాగే మనమూ ఋను "రు" అనే పలుకుతున్నాం, ధ్రుతి అంటే అక్కడా ఉకారమే కదా అంటున్నారు.

పర్లాకిమిడి: నోరు ఏం పలికినా ఛందస్సులో ఋకారం ఇకారం వైపే. పెద్దవారికి నా నమస్కారం చెప్పి ఆ మాట చెప్పండి.

రాయగడ: అది సరే, బంటు పోయాక మీ కుర్రాడు ఏం ఆడాడు? గుర్రం ఎఫ్3 అయితే స్పాస్కీ దారి. బిషప్ సి4 అయితే 1851లో లండన్‌లో జర్మన్ ఆటగాడు ఆండర్సన్ ఆడిన దారి. స్కోర్‌షీట్ ఉంటే పెట్టండి.