సిగ్నల్ పెంచే ఇరిడియం: కరిగించి వడకట్టాలా, పూసలకు అంటించాలా?

వేగుచుక్క: 3 టెస్లాల బలమైన అయస్కాంతం ఉన్న ఎంఆర్‌ఐలో కూడా 10 లక్షల ప్రోటాన్లకు (హైడ్రోజన్ కేంద్రకాలకు) సుమారు 10 మాత్రమే సిగ్నల్‌కు పనికొస్తాయి. 2009లో యార్క్ విశ్వవిద్యాలయం వారు పారాహైడ్రోజన్‌తో (హైడ్రోజన్ వాయువులో ఒక రూపం), ఇరిడియం అనే లోహం ఉన్న ఉత్ప్రేరకంతో ఒక అణువు సిగ్నల్‌ను వందల రెట్లు పెంచారు. ఆ అణువు మాత్రం రసాయనికంగా మారలేదు. అలాంటి అణువును రోగి నరంలోకి ఎక్కించి స్కాన్ చేయాలంటే, చిక్కంతా ద్రావణంలో మిగిలే ఇరిడియంతోనే. థయోల్ (లోహాన్ని పట్టుకునే గంధకపు సమూహం) ఉన్న సిలికా దాన్ని పట్టేస్తుంది, ఆపై వడకట్టేయొచ్చు. అదే సరైన దారి.

కృష్ణాతీరం: కలపకుండా ఉంటే తీసే పనే ఉండదు కదా? ఉత్ప్రేరకాన్ని కరగని పూసలకు అంటించండి.

వేగుచుక్క: అంటిస్తే సిగ్నల్ బాగా పడిపోతుంది, పూసల నుంచీ లోహం ఊడుతుంది. స్కాన్ కోసం ఎక్కించే పైరువేట్‌లో (కణాలు చక్కెరను వాడుకునేటప్పుడు తయారయ్యే అణువు) పుట్టించిన సిగ్నల్ ఒక్క నిమిషంలో దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. పూసలతో కాలయాపన ఎందుకు?

జిజ్ఞాస: క్లోరోఫాం, నీళ్ల పద్ధతి ఉందిగా. లోహం అడుగు పొరలో ఉండిపోతుంది, అణువు పైనున్న నీళ్లలోకి వస్తుంది.

కృష్ణాతీరం: ఆ నీళ్లలో కొంత క్లోరోఫాం కరుగుతుంది. దాన్ని నరంలోకి ఎక్కిస్తారా? నా అసలు ప్రశ్న వేరే ఉంది. ఇంజెక్షన్ మందుల్లో ఇరిడియానికి అంతర్జాతీయ పరిమితి రోజుకు 10 మైక్రోగ్రాములు. వడకట్టాక ఎంత మిగిలిందో ఎవరు చూస్తారు?

వేగుచుక్క: పదిసార్లు పరీక్షించి, దాటడం లేదని చూపితే చాలు.

కృష్ణాతీరం: చాలదు. మా అమ్మకు స్కానింగ్‌లో కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఎక్కించారు. కిడ్నీ పరీక్ష చూశారా అని అడిగితే "అందరికీ ఇదే ఇస్తాం" అన్నారు. ఆ రాత్రంతా ఆమె మోచేతి మీద దద్దుర్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

వేగుచుక్క: ఆ కాంట్రాస్ట్‌లోది గాడోలినియం అనే లోహం, ఇది ఇరిడియం! రెండింటినీ ముడిపెట్టి జనాన్ని భయపెట్టకండి. మా నాన్నగారి కణితి మందుకు లొంగిందో లేదో తెలియడానికి మూడు నెలలు ఆగాం. పైరువేట్ స్కాన్ కణితి పరిమాణం తగ్గకముందే దాని జీవక్రియలో మార్పును చూపగలదు. 2013లో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు వాడిన డీఎన్‌పీ అనే మరో సిగ్నల్ పెంచే పద్ధతిలో నమూనాను 1 కెల్విన్ (సుమారు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్) దగ్గరికి చల్లబరచాలి. అంత యంత్రం మా జిల్లా ఆసుపత్రికి ఎప్పుడొస్తుంది?

కృష్ణాతీరం: ఆ డీఎన్‌పీలో సిగ్నల్ పెంచడానికి కలిపి, తర్వాత తీసేసే రాడికల్ అనే రసాయనం ఎంత మిగిలిందో ప్రతి మోతాదులోనూ ఎక్కించే ముందే కొలుస్తారు. నేను అడిగేదీ అదే. పూసలైనా, వడపోతైనా నాకు ఒకటే. నిమిషం లోపు ఇరిడియాన్ని కొలిచే పరికరం స్కానర్ పక్కన ఉండాలి.

వేగుచుక్క: ఈ మాట ముందే చెప్పాల్సింది. అది వచ్చేదాకా రోగులు ఆగాలంటారా?

కృష్ణాతీరం: ఆగాలి. మా అమ్మనైనా ఆపుతాను.