గ్రీన్ రేటింగ్‌కి ఆడిటర్‌ని ఎలా చూసుకోవాలి?

కొంపల్లిలో మా అన్నదమ్ములం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నాం. పర్యావరణానికి మేలైన కట్టడాలకి ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ఇచ్చే గ్రీన్ రేటింగ్ తీసుకుందామని ఆశ. ఒకాయన సైటు చూడకుండానే "ప్లాటినం గ్యారంటీ" అంటున్నాడు, అంటే అన్నిటికంటే పై రేటింగ్. నమ్మొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దన్నా. రేటింగ్ ఇచ్చేది ఐజీబీసీ, ఆయన కాదు. నేను సైట్ ఇంజినీర్‌ని. మా దగ్గరికి వచ్చిన ఆడిటర్ మేడమ్ మిట్టమధ్యాహ్నం పడమటి గోడకి అరచెయ్యి ఆనించి చూశారు. తర్వాత కిటికీ అద్దాల బిల్లు, నీళ్ల మీటర్ల ప్లాన్ అడిగారు. తవ్విన పైమట్టి ఎక్కడ పోశారని కూడా! అలా అడిగేవాళ్లని పట్టుకోండి.

ఇంకో జవాబు: ఐజీబీసీ అక్రెడిటెడ్ ప్రొఫెషనలేనా (ఐజీబీసీ పరీక్ష పాసయ్యారా), అడగండి. కరెంటు లెక్కలకైతే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటర్ ఉంటే మంచిది. ఇదివరకు చేసిన బిల్డింగ్‌కి వెళ్లి వాచ్‌మన్‌తో మాట్లాడండి.

అడిగినవారు: పైమట్టి ఇంకా సైటులోనే ఉందండీ. రేపే టార్పాలిన్ కప్పిస్తాను.