క్యాలరీ యాప్‌ల డౌన్‌లోడ్లు చూసి మన ధర పెట్టొచ్చా?

తిరుపతి_యాప్: రాయలసీమ ఇంటి వంటకు క్యాలరీలు లెక్కగట్టే తెలుగు యాప్ ఇద్దరం కలిసి చేస్తున్నాం. మైఫిట్‌నెస్‌పాల్, హెల్తీఫైమీకి ప్లే స్టోర్‌లో డౌన్‌లోడ్లు కోటి దాటి ఉన్నాయి. వాటిని బట్టి ఆదాయం అంచనా వేయొచ్చా? ఏడాదికి 399 రూపాయలు అనుకుంటున్నాం. బార్‌కోడ్ స్కానర్ ముందు పెట్టాలా, ఫోటో గుర్తింపా?

మదనపల్లె_లెక్కలు: డౌన్‌లోడ్లను నమ్మొద్దన్నా. అది మొదటి రోజు నుంచి పోగైన అంకె, యాప్ తీసేసినవాళ్లు అందులోంచి తగ్గరు. అమెరికా క్రీడా దుస్తుల కంపెనీ అండర్ ఆర్మర్ మైఫిట్‌నెస్‌పాల్‌ను 2015లో 47.5 కోట్ల డాలర్లకు కొని, 2020లో 34.5 కోట్లకు అమ్మేసింది. ఆ ఐదేళ్లలో నమోదైనవాళ్లు బాగా పెరిగారు, విలువ మాత్రం పడిపోయింది. 2022 అక్టోబరులో కొత్త యజమాని కింద బార్‌కోడ్ స్కానర్‌ను డబ్బు కట్టేవాళ్లకే పరిమితం చేశారు. హెల్తీఫైమీ దారి వేరు, డైటీషియన్, కోచ్ ఉన్న ప్లాన్లు అమ్ముతుంది.

మీరు చూడాల్సింది 7వ రోజు, 30వ రోజు, 90వ రోజు ఒక్క పూటైనా తిండి రాసినవాళ్లు ఎందరని. జనవరిలో చేరినవాళ్లను విడిగా లెక్కించండి, కొత్త సంవత్సరం ఊపు త్వరగా చల్లారుతుంది. 399లో స్టోర్ 15 శాతం పోతే చేతికి 339, పన్నులు, సర్వర్ ఖర్చు దాంట్లోంచే. రెన్యువల్ దగ్గర ఇంకో దెబ్బ ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోపే డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందే కస్టమర్‌కు మెసేజ్ వెళ్లాలి. నెలల తరబడి యాప్ తెరవనివాడు అది చూడగానే రద్దు చేస్తాడు. అందుకే రెండో ఏడాది ఆదాయాన్ని మొదటి ఏడాదిలా వేసుకోవద్దు.

చిత్తూరు_డైట్: బార్‌కోడ్ వద్దు. అది ప్యాకెట్ తిండి ఎక్కువ తినే దేశాల్లో పనికొచ్చేది, సంగటికీ ఊరిబిండి పచ్చడికీ బార్‌కోడ్ ఎక్కడుంది? ఫోటోకూ నూనె కనపడదు. ఒక టీస్పూను నూనె సుమారు 40 క్యాలరీలు, తాలింపులో మూడు స్పూన్లు పడితే లెక్క తలకిందులు.

ముందు వంటల పట్టిక కట్టండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో 528 ఆహారాలున్నాయి. వాడే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. శక్తి అందులో కిలోజౌల్స్‌లో ఉంటుంది, 4.184తో భాగించాలి. అది మరిస్తే ప్రతి వంటా నాలుగింతలు చూపిస్తుంది. రాగులు 100 గ్రాములకు 1342, అంటే 321 క్యాలరీలు. చెనిగ్గింజలు (వేరుశనగ) 520.

సంగటికి 100 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల బియ్యం వేస్తే మొత్తం దాదాపు 500. వండాక తూకం 600 గ్రాములొస్తే 250 గ్రాముల ముద్దకు 208. పచ్చి పిండి విలువనే ముద్ద బరువుకు వేస్తే 800 చూపిస్తుంది. తొలి వారంలోనే జనం యాప్ తీసేసేది ఇలాంటి తప్పులకే.

తిరుపతి_యాప్: ముద్ద సైజు, నీళ్ల పాలు ఇంటింటికీ మారుతాయి కదక్కా?

చిత్తూరు_డైట్: మారుతాయి. అందుకే పచ్చి సరుకు తూకం, వండిన గిన్నె తూకం ఒక్కసారి అడిగి, ఆ ఇంటి వంటగా దాచిపెట్టండి. గిన్నె ఖాళీ బరువు తీసేసే మీట తప్పకుండా ఉండాలి. దీనికి డబ్బు అడగొద్దు. వారం లెక్క, షుగర్ ఉన్నవాళ్లకు పూటవారీ పిండిపదార్థాల లెక్క, వాటికి అడగండి.